మనవలె తలంపని సహోదరుడు

సంఘములలో పుట్టు తగవులలో ద్వేషమువలన పుట్టునవి బహు కొద్ది. పల్లె సంఘములలో పరిచర్య చేయుచు మేము చూచినంతవరకు ఎక్కువ తగవులు మంచి పనిని గూర్చియే పుట్టుచున్నవి. గుడి పెంకులు కారుచున్నవి. బాగుచేయవలెనని అందరికిని ఉన్నది. ఒక పెద్ద లేచి, "పగిలిన పెంకులు మార్పించి, పుచ్చిన వాసములు రెండు తీసి కొత్తవి వేయింతము. పదేండ్లు నిశ్చింత" అనును. మరియొకడు లేచి, "ఎన్నాళ్లండీ ఈ అతుకులు? పెంకు దింపి, గోడలు మూరెడు లేపి, స్లాబు పోయింతము. పైన బడిపిల్లలకు ఒక గదియు వచ్చును" అనును. ఇంతవరకు మాట కప్పును గూర్చియే. సభ ముగిసి, ఎవరి చెప్పులు వారు తొడిగికొని దారిబట్టిన తరువాత మాట మారును. "ఆయన చేతినుండి పది రూపాయలు రాలునా? పిసినిగొట్టు" అని ఒకరు. "వానికి శిలాఫలకముమీద పేరు కావలెను, అంతే" అని ఒకరు. కప్పును గూర్చిన అభిప్రాయము తెల్లవారులోగా మనిషిని గూర్చిన తీర్పు అగును.

ప్రియ చదువరులారా, ఈ నెల మేము ఆలోచింపగోరునది ఈ మార్పును గూర్చియే. ఇద్దరును దేవుని ఇంటికి మేలు కోరినవారే. ఒకడు ఒక తీరున తలంచెను, రెండవవాడు మరియొక తీరున తలంచెను. తీరు వేరైనంత మాత్రమున మనిషి చెడ్డవాడుగా కనబడుట ఎందుకు? అట్లు కనబడినప్పుడు మనము చూచుచున్నది అతనినా, లేక మన తలంపు తీరునా?

ఈ సంగతిని గూర్చి ఇంగ్లండు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మైకేల్ కిర్టన్ 1976లో ఒక వ్యాసము ప్రకటించెను. పెద్ద కంపెనీలలో కొత్త ఆలోచనలు ఎట్లు పుట్టుచున్నవి, కొన్ని ఆలోచనలు ఎందుకు ఏండ్లతరబడి మూల బడియుండుచున్నవి అని ఆయన అంతకుముందే పరిశీలించియుండెను. ఆయన తేల్చినది ఇది. సృజనశక్తి యెంత ఉన్నదనునది ఒక ప్రశ్న. ఆ శక్తి ఏ తీరున పనిచేయుననునది వేరొక ప్రశ్న. కొందరు ఉన్నదానిలోనే ఉండి, దానిని సరిచేసి, మెరుగుపరచి, మునుపటికంటె చక్కగా నడుపుదురు. కొందరు ఉన్నదాని గట్టు దాటిపోయి, అసలు ఈ పని ఇట్లే ఎందుకు చేయవలెనని అడిగి, వేరు దారి తీయుదురు. మొదటివారిని సవరించువారనియు, రెండవవారిని మార్చివేయువారనియు మనము పిలుచుకొందము. ఆయన ముప్పది రెండు ప్రశ్నలతో ఒక కొలతను కూడ ఏర్పరచెను. దానిలో మిక్కిలి తక్కువ లెక్క 32, మిక్కిలి ఎక్కువ 160. ఎక్కువ వచ్చినవాడు తెలివిగలవాడనియు తక్కువ వచ్చినవాడు తెలివిలేనివాడనియు కాదు. ఒక కొసన సవరించువాడు, మరియొక కొసన మార్చివేయువాడు. మనలో ఎక్కువమంది ఆ రెంటి నడుమ ఎక్కడనో ఒకచోట నిలిచియున్నవారమే.

సృజనశక్తి అనగానే మనవారు మార్చివేయువానినే తలంతురు. ఇది సరికాదు. మన ఇండ్లలో పాత చీరలతో బొంత కుట్టు ముసలమ్మను చూడుడి. ఆమెకు కొత్త గుడ్డ ఒక గజమైనను లేదు. చిరిగినది ఎక్కడ, గట్టిగా నున్నది ఎక్కడ అని చేతితో తడిమి, మెత్తని చీర పైకి వచ్చునట్లును, అంచు అంచునకే అమరునట్లును కుట్టును. అదియు సృజనయే. అదే ఇంటిలో ఆమె మనుమడు, "బొంత ఎందుకు నాయనమ్మా, ఈ చీరలతో సంచులు కుట్టి సంతలో అమ్ముకొందము" అనును. అదియు సృజనయే. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అని మేము చెప్పజాలము. చలికాలమున బొంత కావలెను, పంట పోయిన యేట డబ్బు కావలెను.

అయితే ఈ ఇద్దరు ఒకరినొకరు ఎట్లు చూతురు? కిర్టన్ వ్రాసినదానిలో మాకు మిక్కిలి పనికివచ్చిన భాగము ఇదియే. మార్చివేయువాని కంటికి సవరించువాడు మందకొడిగాను, నియమములకు కట్టుబడి కదలలేనివాడుగాను కనబడును. సవరించువాని కంటికి మార్చివేయువాడు నిలకడలేనివాడుగాను, నలుగురి మర్యాద ఎరుగనివాడుగాను కనబడును. తమ్మును తాము చూచికొనుటలోను తేడా ఉన్నది. సవరించువాడు తన్ను తాను త్వరగా సందేహించుకొనును. ఎవరైన తప్పు పట్టిరా, పైకి మరింత అణకువగా నియమము వెంట నడుచును. మార్చివేయువాడు ఆలోచనలు పుట్టించునప్పుడు తన్ను తాను అంతగా సందేహించుకొనడు. పదిమంది కాదన్నను అతనికి నిబ్బరము తగ్గదు, వారి ఒప్పుదల అతనికి అక్కరలేదు. (ఇది చదువుచుండగా మీ సంఘములోని ఇద్దరు ముగ్గురి పేర్లు మీకు జ్ఞాపకము వచ్చియుండును. మీ పేరు జ్ఞాపకము వచ్చినదా?)

మన తీరు మనకు తీరుగా తోచదు. మాటకు యాస ఉన్నట్లే తలంపునకును యాస ఉన్నది. శ్రీకాకుళమువారి యాస గుంటూరువారికి వినబడును. గుంటూరువారి యాస వరంగల్లువారికి వినబడును. ఎవరి యాస వారికి వినబడదు. మేము మామూలుగానే మాటలాడుచున్నాము, యాస ఉన్నది మీకే అందురు. తలంపు విషయములోను ఇదే జరుగుచున్నది. సవరించువాడు తన జాగ్రత్తను జాగ్రత్త అని కూడ అనుకొనడు, అది అతనికి న్యాయబుద్ధి. మార్చివేయువాడు తన తొందరను తొందర అనుకొనడు, అది అతనికి విశ్వాసము. కనుక ఎదుటివాడు వేరుగా తలంచినప్పుడు, ఇతని యాస వేరు అని వారికి తోచదు. ఒకనికి ఎదుటివాడు న్యాయబుద్ధి లేనివాడుగా కనబడును, మరియొకనికి విశ్వాసము లేనివాడుగా కనబడును.

పాటల విషయములో చూడుడి. యౌవనస్థులు కీబోర్డు కావలెననుచున్నారు, పాటలు తెరమీద వేయవలెననుచున్నారు. పెద్దలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చేతబట్టుకొని, మా తండ్రులు పాడినవి ఇవి అనుచున్నారు. ఆ పుస్తకములో కీర్తనపైన రాగము, తాళము అచ్చువేసియుండును. 1803లో పుట్టి 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి వంటివారు ఈ దేశపు రాగములలోను తాళములలోను క్రీస్తును గూర్చి కీర్తనలు కట్టిన దినములలో, అది తెలుగు సంఘమునకు సరిక్రొత్త దారియే. ఈనాడు ఆ పుస్తకమును కాపాడుచున్న పెద్ద, తాను కాపాడుచున్నది ఒకనాటి సాహసమని యెరుగడు. కీబోర్డు తెచ్చిన యౌవనస్థుడు ముప్పది యేండ్లకు పెద్ద యగును. అప్పుడు మరియొకడు మరియొకటి తెచ్చును. ఆనాడు మన కీబోర్డు యౌవనస్థుడు ఏమనునో వినుటకు మేము ఉండము గాని, ఊహించుట కష్టము కాదు.

ఇక పాపము ఎక్కడ ప్రవేశించుచున్నది? వేరుగా తలంచుటలో పాపము లేదు. వేరుగా తలంచినవాని హృదయమును గూర్చి మనము సాక్ష్యము చెప్పుటలో ఉన్నది. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయమందు పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ ఉన్నది. అది కోర్టు బోనులో నిలిచినవారికి మాత్రమే అని మనము అనుకొందుము. కాని మనము విన్నదేమి? "పెంకులు మార్పింతము" అను మాట. మనము పలికిన సాక్ష్యమేమి? "ఇతడు పిసినిగొట్టు" అని. మొదటిది విన్నాము, రెండవది మనము కల్పించితిమి. మనుష్యులలో మిక్కిలి చురుకుగా పనిచేయు సృజనశక్తి ఇదియే కాబోలు. కథ వ్రాయుట చేతకానివాడు కూడ ఎదుటివాని మనస్సులో ఏమున్నదో పూసగుచ్చినట్లు వ్రాసి చదువగలడు.

ఒకసారి ఆ కథ కుదిరిన తరువాత మనిషి మనకు కనబడడు. దీనికి పోలికగా జర్మను దేశస్థుడు కార్ల్ డుంకర్ చేసిన ఒక పరీక్షను చెప్పెదము. ఆయన గ్రంథము 1945లో ఇంగ్లీషులోనికి వచ్చినది. ఒక తలుపునకు, కంటి ఎత్తున, చిన్న కొవ్వొత్తులను నిలుపవలెను. బల్లమీద రకరకముల వస్తువులు ఉన్నవి. వాటిలో చిన్న మేకులును, అట్టపెట్టెలును ఉన్నవి. ఉపాయము సులభము. పెట్టెలను మేకులతో తలుపునకు దిగగొట్టి, వాటిమీద కొవ్వొత్తులను నిలుపుటయే. పెట్టెలు ఖాళీగా ఉన్నప్పుడు జనులకు ఈ ఉపాయము తట్టెను. అవే పెట్టెలలో వస్తువులు నింపి యిచ్చినప్పుడు అనేకులకు తట్టలేదు. పెట్టె కంటియెదుటనే యున్నది. కాని అది వస్తువులు పెట్టుకొను పెట్టె గనుక, కొవ్వొత్తికి పీటగా పనికివచ్చునని వారికి తోచలేదు.

మనుష్యుల విషయములో మన ఊళ్లు ఇట్టి పెట్టెలతో నిండియున్నవి. ఒక సంఘములో ముప్పదియేండ్లుగా కోత పండుగ విందుకు అన్నము వండుచున్న విధవరాలు ఒకామె ఉన్నది. ఆమె పేరు పిల్లలకు తెలియదు, వంటామె అందురు. ఒక యేడు సువార్త సభలకు భోజనముల ఏర్పాటు యౌవనస్థులు చేతికి తీసికొనిరి. కాగితముమీద లెక్కలు చక్కగా వేసిరి. మూడు రాత్రులు కూర్చుండి మాటలాడుకొనిరి. ఆ మూడు రాత్రులును ఆమె గుడి అరుగుమీదనే కూర్చుండి పప్పు బాగుచేయుచున్నది. ఎంతమందికి ఎన్ని కుంచముల బియ్యము, ఏ పేటవారు ఆలస్యముగా వత్తురు, ఏ రాత్రి జనము రెట్టింపగును అనునది ఆమె నోటి చివర నున్నది. ఒకరును అడుగలేదు. రెండవ రాత్రి చివరి పంక్తివారికి అన్నము చాలలేదు. ఆ యౌవనస్థులు గర్విష్ఠులు కారు. పెట్టె నిండియున్నది, అంతే. వంట అను పని ఆమెలో నింపియుండగా, లెక్క అను పని ఆమెకు తెలియునని వారికి కనబడలేదు. ఆమెకును కనబడలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని మేము అడిగితిమి. "నాకేమి తెలుసు అయ్యగారూ, వారు చదువుకున్నవారు" అని ఆమె అనెను.

ఆమె మాటయొద్ద మనము కొంతసేపు నిలువవలెను. ఎదుటివారిని పెట్టెవలె చూచుట ఒక కీడు, తన్ను తానే పెట్టెవలె చూచికొనుట అంతకంటె లోతైన కీడు. సవరించు తలంపుగలవారు, అందులోను స్త్రీలు, చదువులేనివారు, తమకు ఆలోచన అనునదే లేదని నమ్మియున్నారు. నిర్గమకాండము ముప్పదియొకటవ అధ్యాయమందలి బెసలేలును వారికి చూపింపవలెనని మా కోరిక. దేవుడు అతనిని తన ఆత్మతో నింపి, బంగారముతోను వెండితోను ఇత్తడితోను పనులు కల్పించు నేర్పు అతనికిచ్చెనని అక్కడ ఉన్నది. అయితే గుడారపు మాదిరి అతడు కల్పించినది కాదు. మూరల లెక్కతో సహా అది కొండమీద మోషేకు చూపబడినది. ఇచ్చిన కొలతలకు లోబడి, వాటిలోపల తన నేర్పంతయు చూపినవాడు బెసలేలు. కొత్త మాదిరి కనిపెట్టినవాడే ఆలోచనపరుడు, మాదిరిని అనుసరించి పనిచేయువాడు కేవలము చేతులవాడు అను మన లెక్క లేఖనములో లేదు.

మార్చివేయువానికి వేరొక అపాయము ఉన్నది. జె. పి. గిల్‌ఫర్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1950లో తన తోటి మనస్తత్వ శాస్త్రజ్ఞుల సభలో మాటలాడుచు, సృజనశక్తిని గూర్చిన పరిశోధన మిక్కిలి కొరతగా ఉన్నదని చెప్పెను. తరువాత ఆయనయు ఆయన తోటివారును ఏర్పరచిన పరీక్షలలో ఒకటి ఏమనగా, ఇటుకతో ఎన్ని పనులు చేయవచ్చునో చెప్పుడి అని అడుగుట. ఒకడు గోడ, మెట్టు అని ఆగిపోవును. ఇంకొకడు తలుపునకు ఆపు, తూకమునకు రాయి, పొయ్యికి గడ్డ అని చెప్పుచునే పోవును. ఇది గొప్ప నేర్పే. కాని ఇటుకలను అట్లు చూచుటకు అలవాటుపడినవాడు మనుష్యులను కూడ అట్లే చూడగలడు. ఇతడు ట్రాక్టరు గలవాడు, చందాకు పనికివచ్చును. ఆమె పాడును, వేదికకు పనికివచ్చును. ఈ ముసలాయన దేనికిని పనికిరాడు, ప్రతి సభలోను అడ్డుతగులును. ఆలోచన ఎంత మంచిదైనను దానికొరకు మనుష్యులను అమర్చుకొనుట మొదలుపెట్టిన దినమున, ఆ ముసలాయన ఎందుకు అడ్డుతగులుచున్నాడో వినుటకు అతనికి చెవి ఉండదు. ఒకవేళ ఆయన నలుబది యేండ్ల క్రితము ఇట్టి అప్పే చేసి సంఘము పొలము అమ్ముకొన్న సంగతి ఎరిగినవాడు కావచ్చును.

కిర్టన్ మరియొక మాట చెప్పెను. పదిమంది ఒక పనికొరకు కూడినప్పుడు, కూడినది ఏ పనికొరకో అది వారి మొదటి చిక్కు. ఒకరి తీరు ఒకరికి సరిపడకపోవుట వారి రెండవ చిక్కు. రెండవదానికే శక్తియంతయు ఖర్చుపెట్టుకొన్నవారు మొదటిదానిని చేయలేరు. మన కమిటీల మినిట్సు పుస్తకములు తిరుగవేసి చూచినయెడల ఈ మాటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇందుకు విరుద్ధముగా, చిక్కు విడదీసికొన్న పెద్ద దృష్టాంతము మన దేశమందే ఉన్నది. 1919 మే నెలలో తమిళదేశమందలి తరంగంబాడిలో ముప్పది ముగ్గురు కూడిరి. ఇద్దరు తప్ప అందరును ఈ దేశస్థులే. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్ వి. యస్. అజరయ్య. ఆంగ్లికను సంఘములో ఈ దేశస్థులనుండి మొదట బిషప్ అయినవాడు ఆయనయే, అది 1912లో. వేరువేరు మిషనులవలన వేరువేరుగా పుట్టిన సంఘములు ఒక్కటి కావలెనని వారి ఆశ. కొందరికి, రేపే ఏల కలిసికొనరాదు అనునంత త్వర. కొందరికి, ఒప్పందములోని ఒక్కొక్క మాటను తూచిగాని ముందుకు పోరాదను జాగ్రత్త. ముఖ్యముగా అభిషేకమును గూర్చిన చిక్కు. బిషప్పులచేత అభిషేకము పొందినవారు ఒక వైపున, బిషప్పులే లేని సంఘములలో అభిషేకము పొందినవారు మరియొక వైపున నుండిరి. ఇది ఉపదేశమునకు సంబంధించిన సంగతి, తలంపు తీరు మాత్రమే కాదు. అయినను ఉపదేశపు మాటలలో తీరుల ఘర్షణయు కలిసియుండునని సభలలో కూర్చున్నవారికి తెలియును.

ఇరువది యెనిమిది యేండ్లు పట్టెను. చివరకు తేలినది ఏమనగా, అదివరకే తమ తమ సంఘములలో అభిషేకము పొందినవారిని మరల అభిషేకింపక అట్లే అంగీకరింతురు, ఇకమీదట అభిషేకములు బిషప్పులచేతనే జరుగును. ఇందులో త్వరపడినవాని సాహసమును ఉన్నది, తూచినవాని జాగ్రత్తయు ఉన్నది. త్వరపడినవారు మాత్రమే ఉండినయెడల రెండేండ్లలో కలిసి నాలుగేండ్లలో విడిపోయెడివారేమో, తూచువారు మాత్రమే ఉండినయెడల నేటికిని తూచుచునే ఉండెడివారేమో. 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసులో సెయింట్ జార్జి కథీడ్రల్ నందు దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అజరయ్యగారు దానిని చూడలేదు. 1945 జనవరి 1న ఆయన నిద్రించెను. ఆయన దినములలో కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ గుడిని చూచినవారు ఎరుగుదురు. దాని స్తంభములు, గోపురములు ఈ దేశపు ఆలయములను, మసీదులను జ్ఞప్తికి తెచ్చును. ఇంగ్లండు గుళ్ల నమూనాను అట్లు విడిచిపెట్టుటకు ఒప్పిన మనిషియే, ఒప్పందపు మాటలకొరకు ఇరువదియైదేండ్లు ఓపికతో కూర్చుండెను. ఆయన స్వభావమునకు ఈ రెంటిలో ఏది దగ్గరయో వెదకుట మా పని కాదు. పనికి ఏది కావలెనో అది ఆయన చేసెను.

కొందరు మమ్మును అడుగుదురు. "అయ్యగారూ, నా తీరు దేవుడిచ్చినదే అయితే, నేను మారనక్కర లేదుగదా?" ప్రశ్న మంచిదే. అడుగువారు మాత్రము సాధారణముగా ఎవరితోనో పోట్లాడి వచ్చినవారు! తీరు చిన్ననాటనే కుదిరి, పెద్దగా మారదనియే కిర్టన్ కూడ తలంచెను. అయితే అవసరమునుబట్టి మనిషి తనకు సహజము కాని తీరున కొంతకాలము నడువగలడనియు, దానికి ప్రయాస ఎక్కువనియు ఆయన చెప్పెను. ఎడమచేతివాటముగలవాడు కుడిచేతితో అన్నము తినుట నేర్చుకొనలేదా? నడుచుటకు ప్రయాస ఎక్కువ గనుక, మనకొరకు అట్లు నడుచుచున్నవానిని గుర్తించుట మన ధర్మము. లెక్కల పుస్తకము వ్రాయుటకు కూర్చున్న మార్చివేయువాడు, ఎన్నడు లేనిది లేచి కొత్త మాట చెప్పిన సవరించువాడు, ఆ దినమున మనకంటె ఎక్కువ బరువు మోయుచున్నారు.

అన్నిటికిని తీరు అను పేరు పెట్టి కప్పివేయుటయు కూడదు. కానుకల డబ్బు లెక్క చూపనివాడు మార్చివేయు తలంపుగలవాడు కాడు, దొంగ. తక్కువ కులమువారిని ముందువరుసలో కూర్చుండనీయనివాడు పాత పద్ధతిని సవరించువాడు కాడు, అన్యాయస్థుడు. వీరి విషయములో సంఘము సాక్షులను పిలిచి, విచారించి, తీర్పు చెప్పవలసినదే. అక్కడ జరిగిన క్రియ ఉన్నది, నష్టపడినవాడు ఉన్నాడు, చూచినవారు ఉన్నారు. పెంకులా స్లాబా అనుచోట ఇవేవియు లేవు, మన ఊహ తప్ప.

అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయపు చివరి భాగమును మేము ఎన్నిసార్లు చదివినను అక్కడ ఆగుచునే యున్నాము. పౌలును బర్నబాయు మరల ప్రయాణమునకు సిద్ధపడుచున్నారు. మార్కు అనబడిన యోహానును వెంటబెట్టుకొని పోవలెనని బర్నబా. పంఫూలియలో పనిని విడిచి వెళ్లిపోయినవానిని తీసికొనిపోరాదని పౌలు. పౌలు చూచినది అబద్ధము కాదు. మార్కు విడిచి వెళ్లినమాట నిజమే. పని జరుగవలెను, నమ్మకములేనివానితో జరుగదు. బర్నబా చూచినదియు అబద్ధము కాదు. సౌలు అని వినగానే యెరూషలేములో శిష్యులు భయపడి దూరము తొలగిన దినమున, అతనిని చేయిపట్టి అపొస్తలులయొద్దకు తోడుకొనివచ్చినవాడు ఈ బర్నబాయే. నిండిన పెట్టెలో వేరు ఉపయోగమును చూచుట అతనికి అలవాటు. మార్కు అతనికి బంధువు కూడ, కనుక ఆ ప్రేమలో కొంత చుట్టరికము ఉండెనేమో. లేఖనము ఆ మాట దాచలేదు. వాదము ముదిరి, వారు విడిపోయిరి. బర్నబా మార్కును తీసికొని ఓడ యెక్కి కుప్రకు పోయెను. పౌలు సీలను ఏర్పరచుకొని సిరియ, కిలికియల మీదుగా పోయెను. ఎవరిది తప్పో లూకా వ్రాయలేదు. మేము గమనించినది ఒకటి. పౌలు కొరింథీయులకు, గలతీయులకు వ్రాసిన పత్రికలలో బర్నబా పేరు వచ్చుచున్నది. గలతీయులకు వ్రాసినదానిలో అతడు తప్పు నడత నడిచిన ఒక సందర్భమును పౌలు దాచక చెప్పెను. కాని ఈ మార్కు సంగతినిబట్టి బర్నబా బుద్ధి ఇట్టిది, వాని హృదయము అట్టిది అని ఎక్కడను వ్రాయలేదు.

సంవత్సరములు గడచెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు ఖైదులో ఉన్నాడు. దేమా విడిచిపోయెను. లూకా మాత్రమే దగ్గర నున్నాడు. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మని తిమోతిని అడుగుచున్నాడు. చలికాలము రాకముందే రమ్మనుచున్నాడు. ఆ వరుసలోనే, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, పరిచర్యలో అతడు తనకు పనికివచ్చుననియు వ్రాయుచున్నాడు. పంఫూలియ మాట అక్కడ లేదు. తిమోతియు మార్కును చలికాలమునకు ముందు రోమాకు చేరిరో లేదో లేఖనము చెప్పలేదు.